ఒత్తులు తీసేసిన వేదసాక్షి

జూన్ 2

ఈరోజు ముగ్గురు నన్ను మేడమ్ అన్నారు. ఒకరు రాళ్ళు చెక్కే మేస్త్రీ, ఒకరు రంగుల మనిషి, మూడో ఆయన దారి తప్పి ధ్యాన కేంద్రంలోకి వచ్చిన గ్యాస్ బండి డ్రైవరు. మూడోది లెక్కలోకి రాదని పెద్ద సిస్టర్ అంది. నేను వేసుకున్నాను.

డైరెక్టర్ ఫాదర్ అప్పజెప్పిన పని ఇది. కొండ మీదికి వెళ్ళే వేదసాక్షుల బాటని బాగుచేస్తున్నారు. గొడవల కాలంలో విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన పన్నెండు మంది విగ్రహాలున్నాయి అక్కడ. ఒక్కో విగ్రహం కింద కొత్త రాతి పలక పెడతారు. పలక మీద మాటలు నేను రాయాలి. బిషప్ గారు వచ్చి ఆశీర్వదించే రోజుకి అంతా సరిగ్గా జరిగితే నన్ను ఇక్కడే కార్యదర్శిగా ఉంచేస్తారు. గది కూడా ఇస్తారు, కిటికీ ఉన్నది. సరిగ్గా జరగకపోతే ఇంటికి, అమ్మ ఇస్త్రీ బల్ల పక్కకి.

అమ్మకి ఫోన్ చేశాను.

"రాళ్ళ మీద రాయడమేంటే? వాళ్ళ దగ్గర కాయితాలు అయిపోయాయా?" అంది. ఆ తరువాత ఫోన్ పక్కకి పెట్టి వీధంతా వినపడేలా, "మా అమ్మాయి రాసింది ఇంక చెరిగిపోదట!" అని అరిచింది.

జూన్ 6

బాట చూసి వచ్చాను. ముళ్ళ పొదలు కొట్టేశారు. కొట్టేశాక విగ్రహాలు బయటపడ్డాయి. పొదలే నయమేమో అనిపించింది.

గంట కొట్టేవాడికి తల లేదు. పాత ఫోటో చూసి కొత్త తల పోయించారు. అది పక్కనున్న కమ్మరి తలకన్నా పెద్దది. రంగుల మనిషి అందరికీ ఒకే బుగ్గలు, ఒకే మీసం పెట్టుకుంటూ వస్తున్నాడు. అదే ఊపులో రొట్టెలమ్మే విధవరాలి మూతి దగ్గరికి కుంచె తీసుకెళ్తుంటే నేను పరిగెత్తాను.

"రక్తం ఎక్కడెక్కడ పెట్టమంటారు మేడమ్?" అని అడిగాడు. గేటుకి వేసిన ఎర్రరంగు సగం డబ్బా మిగిలిందట.

"అవసరమైన చోట పెట్టు" అన్నాను.

సాయంత్రం చూస్తే అందరికీ మోకాళ్ళ దాకా అవసరమైంది.

నేల సంగతి టైల్స్ ఆయన చూసుకుంటున్నాడు. ఆయనే ఈ పనికంతటికీ పెద్ద దాత. ఆయన షాపుల్లో ఎవరూ కొననివన్నీ కొండెక్కాయి. మొదటి మలుపులో నీలం రంగు, గంతులు వేసే చేపల బొమ్మలు. రెండో మలుపులో గులాబీలు. స్నానాల గదుల గోడలకి అంటించేవి తెచ్చి నేల మీద పరిచారు. కమ్మరి దగ్గర పెద్ద సిస్టర్ జారి కూలబడింది.

"ఆయన్ని సైనికులు చంపారు. నన్ను దాత చంపుతున్నాడు" అంది లేస్తూ.

నేను నవ్వలేదు. దాతల్ని వెక్కిరించడం తప్పు. గదికి వచ్చాక నవ్వాను.

జూన్ 9

సాక్షి మామయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు. కోర్టు బయట టీ బండి దగ్గర ఉంటాడు. ఎవరికి సాక్షి కావాలంటే వాళ్ళకి సాక్షి. వెళ్ళని పెళ్ళికి సాక్షి, చూడని కొట్లాటకి సాక్షి. నా కాలేజీ చదువు సగం ఆయన చూడని యాక్సిడెంట్ల మీదే నడిచింది. ఈ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మామయ్య ఏం చేస్తాడని ఫాదర్ అడిగితే న్యాయశాఖ అన్నాను.

బాటలో తిప్పి చూపించాను. ఆయనకి చదవడం రాదు, అందుకని నేనే చదివి వినిపించాను. సైనికులు వీళ్ళని మైదానంలో నిలబెట్టి, సిలువ మీద కాలు పెట్టి "నేను కాదు" అనమన్నారు. అన్నవాళ్ళని ఇంటికి పంపేశారు. వీళ్ళు అనలేదు.

"వేదసాక్షి అంటే ఏంటే మరి?"

"నమ్మినదాని కోసం ప్రాణం ఇచ్చిన మనిషి, మామయ్యా. ప్రాణమే సాక్ష్యం."

"అంటే చచ్చిపోతే గానీ చెల్లదన్నమాట. మా కోర్టే నయం, వాయిదా ఇస్తారు."

నాకు కోపం వచ్చింది. వీళ్ళు నిజం కోసం నిలబడ్డారని, ఆయన టీ కోసం నిలబడతాడని అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. కమ్మరి కళ్ళలోకి చాలాసేపు చూసి, "బాగా నిలబడ్డాడు" అన్నాడు. తోటి పనివాణ్ణి మెచ్చుకున్నట్టు.

జూన్ 12

మేస్త్రీ ఆఫీసుకి వచ్చాడు. నేను రాసిచ్చిన కాయితాలన్నీ బల్ల మీద పరిచి తల పట్టుకున్నాడు.

"ఒత్తులు తగ్గించండి మేడమ్."

"అంటే?"

"ఈ రాయి మెత్తది. అక్షరం కింద అక్షరం పెడితే అంచు రాలిపోతుంది. మీరేమో స్వర్గ, క్రీస్తు, ధైర్యస్థైర్యాలు అని గుట్టలు పోశారు. 'వేదసాక్షి'లో ఆ క్షి ఉండాల్సిందేనా?"

"ఉండాల్సిందే."

"'వేదసాకి' అంటే జనానికి అర్థం కాదా?"

రోజంతా కూర్చుని ఒత్తులు ఏరాను. స్వర్గం పైలోకం అయింది. క్రూరత్వం దయలేనితనం అయింది. విధవరాలి పట్టుదల నాలుగు ఒత్తులతో ఉండేది, ఇప్పుడు ఆవిడ ఊరికే "బెదరలేదు". చదివి చూస్తే ముందుకన్నా బాగుంది. కాలేజీలో నాకు ఎవరూ ఇలా నేర్పలేదు. ఈ సంగతి మేస్త్రీకి చెప్పలేదు, నెత్తికెక్కుతాడని. ఆయన చెక్కేటప్పుడు అక్షరాల్ని బొమ్మల్లాగా చూస్తాడు తప్ప చదవడు.

జూన్ 15

పదమూడో పలక వచ్చి పడింది.

టైల్స్ ఆయన తాతగారు కూడా గొడవల కాలంలో విశ్వాసం కోసమే పోయారట. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదట. చివరి మలుపులో, అందరికన్నా ఎత్తులో, విగ్రహం ఇప్పటికే పోయించేశారు. రంగుల మనిషి మీసం కూడా పెట్టేశాడు.

"ఫాదర్, పన్నెండు మంది పేర్లు తిరుసభ పెద్దలు ఒప్పుకున్నవి. ఈయన్ని వేదసాక్షి అని ఎలా రాయను?"

"రాయొద్దు తల్లీ. అది రోము చూసుకునే పని. 'విశ్వాసం కోసం ప్రాణం విడిచెను' అని రాయి, చాలు. అర్థం అదే వస్తుంది, బాధ్యత మన మీదికి రాదు."

వివరాలు కావాలంటే తన మేనత్తని కలవమన్నాడు టైల్స్ ఆయన. తాతగారికి ఆవిడ ఒక్కత్తే మిగిలిన కూతురు. "కాస్త మతిమరుపు. నీకు పనికొచ్చినంత వరకు రాసుకో" అన్నాడు.

జూన్ 18

మేనత్త గారి దగ్గరికి వెళ్ళాను. మేనల్లుడి ఇంట్లోనే వెనక గది ఆవిడది. చక్రాల కుర్చీలో కూర్చుని, టీవీకి గొంతు నొక్కేసి బొమ్మలు మాత్రం చూస్తోంది. లెక్కల టీచరుగా చేసి రిటైరైందట.

"మతిమరుపు అన్నాడా? పదమూడో ఎక్కం వాడికి నేనే నేర్పాను. మరిచిపోయింది వాడు. గొడవలు ఏ సంవత్సరంలో జరిగాయో చెప్పు."

చెప్పాను.

"నేను పుట్టింది ఆ తరువాత రెండేళ్ళకి. చచ్చిపోయిన మనిషి నన్ను ఎలా కన్నాడో మీ ఫాదర్‌ని అడుగు. అంత అద్భుతమే జరిగుంటే విగ్రహం మా అమ్మకి పెట్టాలి."

నేను పెన్ను మూసేశాను. అప్పుడు ఆవిడ నవ్వు ఆపేసింది.

"నాన్న కాలు పెట్టాడమ్మాయ్. సిలువ మీద. 'నేను కాదు' అన్నాడు. ఇంటికి పంపేశారు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన ఎడమకాలికే చెప్పు వేసుకునేవాడు. కుడికాలికి వేసుకునేవాడు కాదు. ఎండలో, వానలో, రాళ్ళల్లో, ఒంటి చెప్పుతో. వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ ఒకసారి నవ్వాను. నాకు పదేళ్ళప్పుడు జ్వరం వచ్చి పోయాడు. చాలా మంచివాడు. భయపడ్డాడు, అంతే. భయపడ్డవాళ్ళకి పలక లేదా మీ బాటలో?"

"మరి ఈ కథ..."

"మా అన్నయ్యకి సిగ్గు. ఊరు మారాక కథ కూడా మార్చాడు. వాడు పుట్టేసరికి కథ గట్టిపడిపోయింది." వాడు అంటే టైల్స్ ఆయన.

"మీరే చెప్పొచ్చు కదండీ."

"నేను చెప్తే మతిమరుపు. నువ్వు చెప్తే చదువు" అని టీవీ గొంతు పెంచింది.

జూన్ 19

ఫాదర్‌కి అంతా చెప్పాను. ఓపిగ్గా విన్నారు. చివరికి, "కొండకి నేల వేయిస్తున్నది ఎవరు తల్లీ?" అన్నారు.

"ఆవిడ లెక్కల టీచరు ఫాదర్. సంవత్సరాలు సరిపోవడం లేదు."

"లెక్కలు వేరు, విశ్వాసం వేరు. కార్యదర్శి అయ్యే మనిషికి ఆ తేడా తెలియాలి."

"అలాగే ఫాదర్" అన్నాను.

పెద్దల మాట వినడం కూడా ఒక సుగుణమే. పునీతుల చరిత్రల నిండా అదే ఉంటుంది. అయినా రాయమన్నది ఆయన, చెక్కేది మేస్త్రీ, ఆశీర్వదించేది బిషప్ గారు. మధ్యలో నేనెవరిని?

జూన్ 20

రాశాను. "ఈయన విశ్వాసం కోసం ప్రాణం విడిచెను." పన్నెండింటికన్నా ఇదే తొందరగా వచ్చింది.

జూన్ 24

మేస్త్రీ ఫోన్ చేశాడు. పదమూడో రాయి "ప్రా" దగ్గర రాలిపోయిందట. కింద దాత పేరు పెద్ద అక్షరాల్లో పెట్టమన్నారు కాబట్టి పైన చోటు కూడా లేదట. ఇంకో రాయి మీద మొదలుపెడతాడు, కానీ ఒత్తు తీసేయాలి, ఒకటి రెండు మాటలు కూడా తగ్గించాలి.

"విశ్వాసంలో ఒత్తు?"

"అది బాగానే దిగింది మేడమ్. ప్రాణంతోనే చిక్కు."

ప్రాణం తీసేశాను. ప్రాణం పోయాక "కోసం" ఒక్కటీ ఏం చెయ్యాలో తెలియక వేలాడుతోంది. దాన్ని కూడా తీసేశాను. మిగిలింది చదివి వినిపించాను. "బాగుంది మేడమ్, పొట్టిగా ఉంది" అన్నాడు.

మేస్త్రీ అడిగాడు, తగ్గించాను. భావం మారలేదు.

జూన్ 25

భావం మారలేదు.

జూన్ 26

రాయి వచ్చింది. ఫాదర్ దగ్గరుండి చూశారు. వంగి, కళ్ళజోడు సర్దుకుని, దాత పేరులో దీర్ఘం ఉందో లేదో వేలితో తడిమి చూశారు. ఉంది. "భేష్" అన్నారు. టైల్స్ ఆయన షాపు పేరు పక్కన ఫోన్ నెంబరు లేదని బాధపడ్డాడు. వాళ్ళిద్దరూ పై వాక్యం వైపు చూడలేదని కాదు. చూశారు. ఎండ పడుతోంది.

అమ్మకి కొత్త చీర కొనుక్కోమని చెప్పాను.

జూన్ 29

ఆశీర్వాదం జరిగింది.

బిషప్ గారు గులాబీల మలుపులో ఒకసారి, చేపల మలుపులో రెండుసార్లు జారారు. ఇద్దరు ఫాదర్లు చెరో రెక్కా పట్టుకుని పైకి తీసుకెళ్ళారు. ఒక్కో పలక ముందు ఆగి గట్టిగా చదివి, తీర్థం చల్లి, ముందుకి కదులుతున్నారు. కమ్మరి దగ్గర నిదానంగా మొదలుపెట్టి, విధవరాలి దగ్గరికి వచ్చేసరికి బస్సు తప్పిపోతున్నట్టు చదివారు. పదమూడో పలక దగ్గర మాత్రం, టైల్స్ ఆయన పక్కనే ఉండటం వల్ల కాబోలు, గొంతు సవరించుకుని, ఒక్కో మాటా విడమరిచి చదివారు.

"ఈయన. విశ్వాసం. విడిచెను."

అక్కడ ఆగారు. ఆయన దగ్గారు.

"ఆమెన్!" అన్నారు అందరూ. గాయకులు పాట ఎత్తుకున్నారు. టైల్స్ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఫాదర్ ఆయన భుజం నిమిరారు. కొండ మీద అంతమంది చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ వాక్యం వాళ్ళ చెవుల్లోంచి లోపలికి వెళ్ళి ప్రాణం ఇచ్చినట్టుగానే వినపడిందేమో. అందరూ వినాలనుకున్నదే విన్నారు. నేను ఊరికే కంగారు పడ్డాను.

అమ్మ కొత్త చీరలో వచ్చింది. మామయ్య పలకని చేత్తో తడిమి, "ఇది నువ్వు రాసిందేనా? ఏదీ, చదువు" అన్నాడు.

గొంతు బాగాలేదన్నాను.

జూన్ 30

కార్యదర్శిని అయ్యాను. కిటికీలోంచి కొండ మొత్తం కనిపిస్తుంది. మంచం అటు తిప్పి వేసుకున్నాను.

జూలై 6

జరిగింది జరిగినట్టు రాయాలి.

మేనత్త గారికి బాట చూడాలనిపించిందట. ఆశీర్వాదం రోజు జనంలోకి తేలేదని ఈరోజు వెనక రోడ్డు మీదుగా కారులో పైదాకా తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొచ్చాడు టైల్స్ ఆయన. ఫాదర్ ఉన్నారు. నేనూ ఉన్నాను. మేస్త్రీ పక్కనే పలక అంచులకి సిమెంటు పూస్తున్నాడు.

ఆవిడ తండ్రి విగ్రహాన్ని చూసి, "మీసం ఎవరిది?" అంది. తరువాత పలక చదివింది. మళ్ళీ చదివింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ ఊగిపోయింది.

"ఒరేయ్, చదివావురా ఇది?"

"నేనే వేయించానత్తా."

"పైకి చదువు."

"ఈయన విశ్వాసం కోసం ప్రాణం..." అని చూడకుండానే మొదలుపెట్టాడు.

"రాయి చూసి చదవరా! బళ్ళోనూ ఇంతే నువ్వు, పుస్తకం చూడకుండా అప్పజెప్పేవాడివి."

చూసి చదివాడు. "విశ్వాసం విడిచెను." మొహం పాలిపోయింది. "అంటే... మా తాత విశ్వాసం వదిలేశాడని రాసిందేంటి ఫాదర్?"

"నిజమే రాసింది కదరా. ఇన్నేళ్ళకి" అంటూ ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నవ్వుతో వచ్చిన నీళ్ళో, కాదో తెలియలేదు. "ఎవరు రాశారు?"

ఫాదర్ మేస్త్రీ వైపు తిరిగారు. "రెండు మాటలు మింగేశావా?"

మేస్త్రీ రాయిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "మింగేసే ఉంటానండి. చెక్కేటప్పుడు చదవను."

"నేనే రాశాను" అన్నాను.

అన్నాను. గట్టిగానే అన్నాను. అందరూ విన్నారు.

ఫాదర్ నా వైపు చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశారా! పేదవాడి తప్పుని తన మీద వేసుకుంటోంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. ఈ బాట మనలో ఒకరి మీదైనా పనిచేసింది."

"కాదు ఫాదర్, నిజంగా..."

"ఇంకేం మాట్లాడకు తల్లీ" అని నా తల మీద చెయ్యి పెట్టారు. చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది.

మాట్లాడలేదు.

జూలై 7

ఆదివారం ప్రసంగంలో నా గురించి చెప్పారు. "మన మధ్యలోనే ఒక చిన్న వేదసాక్షి" అన్నారు. పూజ అయ్యాక ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి నా చెయ్యి కళ్ళకి అద్దుకున్నారు.

నేను చెప్పాను కదా. చెప్పలేదని ఎవరూ అనలేరు.

జూలై 8

మేస్త్రీ వచ్చాడు. స్కూలుకి చెక్కాల్సిన రాళ్ళ పని ఆయన దగ్గర్నుంచి తీసేశారట. ఊళ్ళో మిగతా చర్చీలకి కూడా ఫోన్ వెళ్ళిందట, మాటలు మింగే మనిషని.

"మేడమ్, నేను మింగానా? గుర్తు తెచ్చుకుని చెప్పండి. మీరు ఫోన్‌లో చదివింది ఎలా ఉందో అలాగే పెట్టినట్టు గుర్తు. కానీ నాకు చదివే అలవాటు లేదు కదా, అందుకని గట్టిగా అనలేకపోతున్నాను."

"చూస్తాను" అన్నాను. ఆఫీసులో ఉన్నవాళ్ళు అనే మాట అది. ఎంత తొందరగా వచ్చేసిందో నోట్లోకి.

జూలై 9

చెప్పాను కదా.

జూలై 10

మామయ్య వచ్చాడు. ప్రసంగం సంగతి అమ్మ వీధంతా చెప్పిందట. కిటికీ బాగుందన్నాడు. మంచం మెత్తగా ఉందన్నాడు. నేను ఏడ్చేశాను. మొత్తం చెప్పాను. మేనత్త గారి గురించి, ఒత్తు గురించి, ఫాదర్ చెయ్యి గురించి.

"అయితే నువ్వు చెప్పావు, వాళ్ళు నమ్మలేదు. నువ్వు బోనులోంచి దిగొచ్చేశావు."

"నమ్మకపోతే నేనేం చెయ్యను?"

"అది సాక్ష్యం అంటారటే? మొదటిసారి ఎవడైనా చెప్తాడు. ఆ తరువాత అవతలి లాయరు లేచి క్రాస్ చేస్తాడు. నువ్వు చూడలేదంటాడు, పొరపాటు పడ్డావంటాడు, మంచిదానివంటాడు కూడా. మంచిదానివి అన్నప్పుడే ఎక్కువమంది పడిపోతారు. క్రాస్‌లో అదే మాట మీద నిలబడితేనే సాక్షి."

"నువ్వా నాకు చెప్పేది? నీ జన్మలో ఒక్క నిజం చెప్పావా కోర్టులో?"

"లేదు" అన్నాడు. కొంచెం కూడా సిగ్గుపడలేదు. "అబద్ధానికే అంతసేపు నిలబడతానే నేను. నిజానికి నీకేం రోగం?"

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆయన టీ వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

జూలై 11

పొద్దున ఫాదర్ గదికి వెళ్ళేసరికి టైల్స్ ఆయన అక్కడే ఉన్నాడు. కొత్త రాయి గురించి మాట్లాడుకుంటున్నారు, ఈసారి నల్లరాయి, గట్టిది.

"మేస్త్రీ ఏమీ మింగలేదు ఫాదర్. నేనే తీసేశాను."

"మళ్ళీ మొదలుపెట్టావా తల్లీ. నీ మంచితనం అందరికీ తెలిసిందే."

"మంచితనం కాదు. ప్రాణం అన్న మాటకి ఒత్తు అడ్డమైతే అసువులు అని రాయొచ్చు. ఒత్తు లేదు. ఆ మాట నాకు తెలుసు. గంట కొట్టేవాడి పలక మీద అదే రాశాను, వెళ్ళి చూడండి. ఇక్కడ కావాలనే రాయలేదు."

ఈ ముక్క నేను ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు. రాసుకోనంత కాలం నాకు తెలియనట్టే ఉంది.

ఫాదర్ కుర్చీలో వెనక్కి వాలారు. మొదటిసారి ఆయన నా మాట విన్నారని అర్థమైంది, ఎందుకంటే తల్లీ అనడం మానేశారు.

టైల్స్ ఆయన లేచి నిలబడ్డాడు. "మా తాత మీద నీకేం కక్ష?"

"కక్ష లేదండి. ఈ కొండ మీద నాకు బాగా తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆయన ఆ రోజు తరువాత కుడికాలికి చెప్పు వేసుకోలేదట. మీకు తెలుసా?"

నా మీద అరుస్తాడనుకున్నాను. ఆయన చూపు నేల మీదికి దిగింది. ఎవరితోనో చెప్తున్నట్టు అన్నాడు: "ఇంట్లో తాత ఫోటో ఒకటి ఉండేది. మోకాళ్ళ కింద కత్తిరించేసి ఉండేది. చెదలు తిన్నాయని చెప్పాడు మా నాన్న." ఇంకాసేపటికి, "చెదలు తిన్నది అంత తిన్నగా ఉండదు" అన్నాడు.

తరువాత ఆయన చొక్కా సర్దుకుని, "కొత్త రాయి రేపు దిగుతుంది ఫాదర్. పాత మాటలే వేయించండి, పూర్తిగా" అని వెళ్ళిపోయాడు. తెలియక కాదు. ఇప్పుడు తెలిసే వేయిస్తున్నాడు.

ఫాదర్ తలుపు మూశారు. గొంతు చాలా మెత్తగా వచ్చింది.

"చూడమ్మాయీ. మేస్త్రీకి స్కూలు పని తిరిగి ఇప్పిస్తాను. నువ్వూ ఇక్కడే ఉండు. నిన్ను నేనేమీ అబద్ధం ఆడమనడం లేదు. పొరపాటు జరిగింది అను. ఒక్క మాట. అనేసి నీ గదికి వెళ్ళిపో."

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. ఆ కిటికీ, అమ్మ కొత్త చీర, వీధిలో ఆవిడ అరుపు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఒత్తుల్లాగా పేరుకుని కళ్ళ ముందుకొచ్చాయి. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఇందులో రాస్తున్నాను కాబట్టి ఒప్పుకోవాలి: వచ్చింది.

"పొరపాటు కాదు ఫాదర్."

"ఆలోచించుకో."

"పొరపాటు కాదు."

ఆయన చెయ్యి చాపారు. గది తాళంచెవి ఇచ్చేశాను. మేస్త్రీ సంగతి నా ఎదురుగానే స్కూలుకి ఫోన్ చేసి చెప్పమన్నాను. చేశారు.

బయటికి వచ్చాక ధైర్యం లాంటిదేమీ రాలేదు. అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. విపరీతంగా ఆకలేసింది. వంటింట్లోకి వెళ్ళాను. పెద్ద సిస్టర్ గిన్నెలు సర్దుతోంది.

"ఏమైంది పిల్లా, ఆ మొహమేంటి?"

"తీసేశారు సిస్టర్."

"దేనికి?"

"పదమూడో పలక నేనే అలా రాశానని చెప్పాను."

"మొన్న చెప్పావుగా."

"ఈసారి నమ్మారు."

సిస్టర్ చేతిలో గిన్నె కింద పెట్టింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మరి ఏడవవేం?"

"ఆకలేస్తోంది సిస్టర్."

పీట జరిపి, కంచం పెట్టి, నేను చాలనేదాకా కాదు, ఆ తరువాత ఇంకో రెండు గరిటెలు అన్నం వేసింది.

"తిను. ఆ బాటలో నిలబడ్డవాళ్ళెవరికీ ఇది దొరకలేదు" అంది.